ఒకే ప్రోగ్ ఆల్బమ్‌కి నాలుగు సీడీలు: ఏ రీమాస్టర్ ఉంచుకోవాలో చెవితో తేల్చుకునే పద్ధతి

సీడీ కవరు మీద "రీమాస్టర్డ్" అని స్టికర్ ఉంటే దానర్థం ఒక్కటే, ఎవరో ఎప్పుడో ఆ ఆల్బమ్‌ని ఇంకోసారి సీడీకి తయారు చేశారని. ఏ టేపులోంచి తీశారు, ఎవరు చేశారు, ఎంత గట్టిగా మోగేలా చేశారు, ఇవేవీ ఆ స్టికర్ చెప్పదు. మూడు నిమిషాల పాప్ పాటకి ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు గానీ, 1969 నుంచి డెబ్బైల చివరిదాకా వచ్చిన ప్రోగ్రెసివ్ రాక్‌కి (ప్రోగ్ అంటే ఇదే) మాత్రం చాలా పెద్ద ఇబ్బంది. పద్దెనిమిది, ఇరవై నిమిషాల పాట, అందులో కాసేపు గుసగుసంత నెమ్మదిగా, తర్వాత ఒక్కసారిగా హోరు. ఆ నెమ్మదికీ ఆ హోరుకీ మధ్య ఉన్న దూరంలోనే ఈ సంగీతం ప్రాణం ఉంది. ఆ దూరాన్ని తగ్గించేసిన రీమాస్టర్ ఎంత తళతళలాడినా నేను కొనను, ఎవరికీ కొనమని చెప్పను.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉండి ఈ సీడీలు పోగేసేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. గంటస్తంభం దగ్గరా, ఏడు రోడ్ల కూడలిలోనూ నాలుగు ఎడిషన్లు ముందు పెట్టి "విని తీసుకోండి" అనే షాపు మనకి దొరకదు. బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి, పోస్టేజీ ఒక్కోసారి డిస్కు ధరకి సమానంగా ఉంటుంది, పైన కస్టమ్స్ కూడా పడొచ్చు. అన్నీ కొని ఒకటి ఉంచుకునే పరిస్థితి కాదు. అందుకే కొనేముందు ఏం చూడాలో, వచ్చాక ఎలా వినాలో, రెండూ వివరంగా రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడే చెప్పేస్తాను: రెండు సీడీల వాల్యూం సమానం చెయ్యకుండా చేసిన పోలిక పోలికే కాదు. మిగతాదంతా దాని తర్వాతే.

రీమాస్టర్, రీమిక్స్, ఉత్త రీఇష్యూ

ఈ మూడూ వేరు. స్టూడియోలో ఒక్కో వాయిద్యాన్నీ గొంతునీ విడివిడి ట్రాకుల మీద రికార్డు చేస్తారు, అది మల్టీట్రాక్ టేపు. దాన్ని కలిపి ఎడమ, కుడి రెండు చానళ్ళ టేపుగా మారిస్తే అది మిక్స్. ఆ రెండు చానళ్ళ టేపుని తీసుకుని బేస్, ట్రెబుల్, వాల్యూం సరిచేసి డిస్కుకి సిద్ధం చెయ్యడం మాస్టరింగ్. రీమాస్టర్ చేసేవాడి చేతిలో ఉండేది కలిపేసిన పులిహోర, అందులోంచి పసుపు వెనక్కి తియ్యలేడు. డ్రమ్స్ మరీ వెనక ఉన్నాయనిపించినా వాటినొక్కటే ముందుకు తేలేడు, ఆ స్థాయిలో ఏది పెంచినా దాంతోపాటు ఇంకోటి పెరుగుతుంది. రీమిక్స్ చేసేవాడు మల్టీట్రాక్ దాకా వెనక్కి వెళ్తాడు, అన్నీ మళ్ళీ మొదటినుంచి కలుపుతాడు. కాబట్టి రీమిక్స్‌ని పాత సీడీతో పోల్చి "శబ్దం బాగుపడింది" అనడం సరికాదు, అది వేరే చేతి పని. నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు, కానీ దాన్ని విడిగా చూడాలి.

దీనికి మంచి ఉదాహరణ జెనెసిస్ అనే బ్యాండ్. 1994లో వాళ్ళ ఆల్బమ్‌లు "డెఫినిటివ్ ఎడిషన్ రీమాస్టర్" పేరుతో వచ్చాయి, అవి నిజంగా రీమాస్టర్లే. 2007, 2008లో బాక్సులుగా వచ్చినవి సౌండ్ ఇంజినీర్ నిక్ డేవిస్ చేసిన రీమిక్సులు. రెండూ ఆయన చెయ్యి పడినవే, అయినా రెండో విడతలో వాయిద్యాల స్థానాలే మారాయి, శబ్దం బాగా గట్టిపడింది. ఇప్పుడు ఎవరైనా "జెనెసిస్ రీమాస్టర్ అమ్ముతున్నాను" అంటే అది ఏ సంవత్సరందో అడగకుండా డబ్బు పంపకండి. "డెఫినిటివ్ ఎడిషన్" అన్న మాటనీ నమ్మకండి, కింగ్ క్రిమ్సన్ 1989 సీడీల మీద కూడా అదే మాట ఉంటుంది.

ఉత్త రీఇష్యూ అంటే పాత మాస్టరింగే కొత్త కవర్లో. జపాన్ నుంచి వచ్చే అందమైన అట్ట కవరు సీడీల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. ఎస్‌హెచ్‌ఎం-సీడీ అని 2008 ప్రాంతం నుంచి అమ్ముతున్నారు, అది ప్లాస్టిక్‌లో మార్పు మాత్రమే. అందులో ఉన్న డేటా పాత డిస్కులో ఉన్నదే అయితే శబ్దం కూడా అదే. కవరు కోసం కొనండి, చక్కగా ఉంటాయి, నాకూ ఇష్టమే. శబ్దం కోసమైతే ఏ సంవత్సరం మాస్టరింగో తెలుసుకుని కొనండి.

చేతిలో ఉన్నది ఏ డిస్కు

బార్‌కోడ్ సరిపోదు. ఒకే బార్‌కోడ్‌తో ఏళ్ళ తరబడి వేరువేరు ప్రెస్సింగులు వచ్చాయి. డిస్కు తిప్పి, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న మెరిసే రింగుని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, చిన్న అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. అదే మ్యాట్రిక్స్ నంబర్. దాన్ని డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో వెతికితే ఏ దేశం, ఏ ఫ్యాక్టరీ, సుమారు ఏ కాలం అన్నది తేలుతుంది. ఆ రింగులోనే ఐఎఫ్‌పీఐ అనే కోడ్ ఉంటే అది 1994 లేదా ఆ తర్వాత ఒత్తినదని అనుకోవచ్చు, ఆ కోడ్ వాడుకలోకి వచ్చింది అప్పుడే. అంటే "1985 నాటి మొదటి సీడీ" అని అమ్మేవాడి డిస్కు మీద ఐఎఫ్‌పీఐ కనిపిస్తే అది తర్వాతి ప్రెస్సింగ్. మాస్టరింగ్ మాత్రం పాతదే అయ్యుండొచ్చు, అందుకే వెంటనే కాదనకుండా వినాలి.

తర్వాత లోపలి పుస్తకం చివరి పేజీ చదవండి. మాస్టరింగ్ ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని రాసి ఉంటే అది స్టికర్ కంటే వందరెట్లు విలువైన సమాచారం. పింక్ ఫ్లాయిడ్ 1994 సీడీల మీద డగ్ సాక్స్, జేమ్స్ గత్రీ పేర్లు, 2011 వాటి మీద జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంటే పేర్లు ఉంటాయి. యెస్ 1994 సీడీల మీద జో గాస్ట్‌విర్ట్ పేరు. రష్ 1997 సీడీలయితే బాబ్ లడ్విగ్, బ్రయన్ లీ. కొన్నాళ్ళు వింటే పేరు చూసి శబ్దం ఎటు మొగ్గి ఉంటుందో ఊహించే అలవాటు వస్తుంది.

పాత డిస్కులు కొనేవాళ్ళు రెండు జబ్బులు చూసుకోవాలి. 1988 నుంచి 1993 మధ్య ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో ఒత్తిన కొన్ని డిస్కులు అంచు నుంచి లోపలికి రాగి రంగులోకి తిరిగిపోతాయి, మ్యాట్రిక్స్‌లో పీడీఓ అని ఉంటుంది. రెండోది, పాత లావు డబుల్ పెట్టెల్లో వేసిన ఫోమ్ ముక్క. అది కాలక్రమేణా కుళ్ళి డిస్కుకి అంటుకుపోతుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, అలాంటి పెట్టె చేతికి రాగానే ఫోమ్ తీసి పారెయ్యండి.

కంప్యూటర్లోకి ఎక్కించడం

ప్లేయర్లో డిస్కులు మార్చుకుంటూ పోల్చడం కుదిరే పని కాదు. డిస్కు తీసి ఇంకోటి పెట్టేలోపు చెవి మొదటిదాన్ని మర్చిపోతుంది, శబ్దం తాలూకు జ్ఞాపకం కొద్ది సెకన్లే నిలుస్తుంది. రెండిటినీ ఫైళ్ళుగా మార్చి క్షణంలో అటూ ఇటూ మారేలా పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ రైటర్ చాలు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాం ఉచితం, అది ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌తో సరిచూసి మీ కాపీ తప్పుల్లేకుండా వచ్చిందో లేదో చెబుతుంది. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్ళుగా దాచుకోండి, ఎంపీ3 వద్దు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ప్రీ-ఎంఫసిస్. ఎనభైల నాటి కొన్ని సీడీల్లో, ముఖ్యంగా జపాన్‌లో ఒత్తినవాటిలో, ట్రెబుల్ పెంచి రికార్డు చేసి, ప్లేయర్ దాన్ని తిరిగి తగ్గించేలా ఒక గుర్తు పెట్టేవారు. ప్లేయర్లో పెడితే సరిగ్గానే మోగుతుంది. కంప్యూటర్లోకి తీసినప్పుడు ఆ తగ్గింపు జరగకపోతే సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్ళాలు) చెవిలో గుచ్చుకుంటాయి, వెంటనే "పాత సీడీ కీచుగా ఉంది, రీమాస్టరే నయం" అనే తీర్పు వచ్చేస్తుంది. ఆ తీర్పు తప్పు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ప్రీ-ఎంఫసిస్ ఉందో లేదో చూపిస్తుంది, అయితే కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు దానికి వెంటనే దొరకని చోట ఉంటుంది. అనుమానం వస్తే అదే పాటని మామూలు ప్లేయర్లో పెట్టి ఫైలుతో పోల్చండి. తేడా ఉంటే సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో డీ-ఎంఫసిస్ చేసి అప్పుడు వినండి. మామూలు సీడీలోనే అదనపు సమాచారం దాచే హెచ్‌డీసీడీ కూడా ఇలాంటిదే, కింగ్ క్రిమ్సన్ 1999 నాటి ముప్ఫయ్యో వార్షికోత్సవ సీడీలు ఆ పద్ధతిలో వచ్చినవి. మామూలుగా కూడా మోగుతాయి, డీకోడ్ చేస్తే పైస్థాయి శబ్దాలు కాస్త విచ్చుకుంటాయి.

రెండు డిస్కులు నిజంగా వేరువేరా అన్న అనుమానం ఉంటే ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో తేల్చుకోవచ్చు. రెండు ఫైళ్ళనీ ఒకే క్షణం దగ్గర కచ్చితంగా జరిపి పెట్టి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (అంటే తరంగాన్ని తలకిందులు చేసి), రెండూ కలిపి వినండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకే మాస్టరింగ్, ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు.

వాల్యూం సమానం చెయ్యడం

మన చెవి నెమ్మది శబ్దంలో బేస్‌ని తక్కువగా వింటుంది, గట్టి శబ్దంలో ఎక్కువగా వింటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. దీని ఫలితం ఏంటంటే, ఒకే రికార్డింగ్‌ని ఒకటి రెండు డెసిబెల్స్ పెంచి వినిపిస్తే "ఇది గట్టిగా ఉంది" అని మనకి తోచదు, "ఇది నిండుగా ఉంది, స్పష్టంగా ఉంది" అని తోస్తుంది. తొంభైల మధ్య నుంచి వచ్చిన చాలా రీమాస్టర్లు పాత సీడీ కంటే అంతకంటే ఎక్కువే గట్టిగా ఉంటాయి. అంటే పోటీ మొదలవ్వకముందే రీమాస్టర్ గెలిచేసినట్టు.

ఫూబార్2000 అనే ప్లేయర్ ప్రోగ్రాంలో రెండు ఫైళ్ళనీ ఎంచుకుని, గట్టిదనం కొలిచే రీప్లేగెయిన్ స్కాన్ చెయ్యండి, ట్రాక్ గెయిన్ ఆన్ చేసి వినండి, సమానమవుతాయి. రెండు ఎడిషన్లలో పాట నిడివి వేరైతే, ఒకదానిలో చివర ఫేడ్ పొడుగ్గా ఉంటే, ఈ లెక్క కొంచెం పక్కకి పోతుంది. అందుకని పూర్తి పాట బదులు రెండిటిలోనూ అదే ఒక నిమిషం ముక్క కోసి స్కాన్ చెయ్యడం ఇంకా మంచిది. అన్నిటికంటే ముఖ్యం, గట్టి డిస్కుని తగ్గించండి, నెమ్మది డిస్కుని పెంచకండి, పెంచితే పైన కొనలు తెగి ఇంకో కొత్త లోపం వచ్చి చేరుతుంది.

గది గురించి కూడా చెప్పాలి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఈ ఆల్బమ్‌లలో నెమ్మది భాగాలు సగం వినపడవు, ఆ నెమ్మది భాగాల్లోనే తేడాలన్నీ ఉంటాయి. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోమని ఎవరికీ చెప్పలేను, తెల్లవారుజామున వినండి, లేదా చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ వాడండి. సిరిమానోత్సవం రోజుల్లో, పెళ్ళిళ్ళ మైకులు మోగే వారాల్లో ఈ పని పెట్టుకోకండి. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు కొన్ని యాంప్లిఫయర్లలో బొయ్‌మని హమ్ వస్తుంది, దాన్ని డిస్కు తప్పనుకుంటాం. స్లాబ్ ఇంట్లో ఖాళీ గోడల గదిలో స్పీకర్లు పెడితే ప్రతి డిస్కూ కీచుగానే ఉంటుంది, మందపాటి కర్టెన్లు, ఒక మూల రెండు పరుపులు ఉన్న గది దానికంటే ఎంతో నయం.

ఎక్కడ వినాలి, ఏం వినాలి

ఆల్బమ్ మొత్తం పెట్టుకుని "బాగుంది, ఇది ఇంకా బాగుంది" అనుకుంటే ఏదీ తేలదు. కొన్ని చోట్లు ఉంటాయి, అక్కడ దొరుకుతుంది.

యెస్ వాళ్ళ "క్లోజ్ టు ది ఎడ్జ్", 1972. మొదట పక్షుల కిలకిల, నీళ్ళ చప్పుడు, అది మెల్లగా పెరిగి పెరిగి ఒక్కసారిగా బ్యాండ్ మొత్తం మీద పడుతుంది. వాల్యూం సమానం చేశాక ఆ పడే క్షణాన్ని రెండు ఎడిషన్లలోనూ వినండి. నెమ్మదికీ హోరుకీ మధ్య దూరాన్ని నొక్కేసిన మాస్టరింగ్‌లో పక్షులు ముందే గట్టిగా ఉంటాయి, బ్యాండ్ వచ్చేసరికి ఎక్కడానికి చోటు మిగలదు, ఆ ఉలికిపాటు పోతుంది. అదే పాటలో ముందుకెళ్తే నెమ్మది భాగం చివర రిక్ వేక్‌మన్ చర్చి పైప్ ఆర్గాన్ వస్తుంది. కింది స్వరాలు వాటి కొలతలో ఉన్నాయా, లేక బేస్ పెంచేసి గది మొత్తం ఒకే గుమ్ అంటోందా చూడండి. క్రిస్ స్క్వయర్ బేస్ గిటార్‌కి ఒక కరుకుదనం ఉంటుంది, తీగ మీటినప్పుడు మొదట వచ్చే ఆ పదును. బేస్ ఎక్కువ పెంచిన ఎడిషన్లలో లావు వస్తుంది గానీ ఆ పదును మాయమవుతుంది. నేను ఏ యెస్ సీడీనైనా ముందు దీనితోనే కొలుస్తాను.

కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్, 1969. మొదటి పాటకి ముందు కొన్ని సెకన్లు ఏదో దూరపు ఊళలాంటి శబ్దం ఉంటుంది, తర్వాత బద్దలవుతుంది. ఆ పాటలో గొంతుని కావాలనే చీల్చి రికార్డు చేశారు, దాన్ని చూసి డిస్కు చెడ్డదనుకోకండి. అసలు పరీక్ష "మూన్‌చైల్డ్"లో ఉంది. పాట అయ్యాక చాలా నిమిషాలు వైబ్రాఫోన్, గిటార్, డ్రమ్స్ అతి నెమ్మదిగా మాట్లాడుకుంటాయి, చాలామంది దాన్ని దాటేస్తారు, పోలికకి మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు. ఒక స్వరం మీటాక అది సన్నబడుతూ టేపు హిస్‌లోకి (టేపులో ఎప్పుడూ ఉండే 'స్' అనే సన్నని చప్పుడులోకి) కలిసిపోవాలి. స్వరం మధ్యలో ఠక్కున తెగిపోయినా, స్వరంతోపాటు హిస్ కూడా లేస్తూ పడుతూ ఉన్నా, నాయిస్ రిడక్షన్ ఎక్కువ వాడారని అర్థం. హిస్ ఉండడం తప్పు కాదు. 1969 టేపులో హిస్ ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిచేస్తే దాంతోపాటు సింబల్ చివరి గాలి కూడా పోతుంది.

ఈ విషయంలో విజయనగరం వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊరు, ఘంటసాల నేర్చుకున్న ఊరు. చుట్టుపక్కల వీణ, వయొలిన్ నేర్చుకున్నవాళ్ళు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. బొబ్బిలి వీణ దగ్గర కూర్చుని విన్నవాళ్ళకి మీటిన తీగ నాదం ఎంతసేపు నిలుస్తుందో, ఎలా ఆరిపోతుందో చెవికి తెలుసు. వాళ్ళకి మెలోట్రాన్ (ప్రోగ్‌లో వాడే, టేపులతో మోగే కీబోర్డు) అంటే ఏంటో తెలియనక్కర్లేదు, "ఈ స్వరం సహజంగా ఆరుతోందా అండీ" అని అడిగితే చాలు, టక్కున చెబుతారు.

శ్రుతి కూడా వాళ్ళతోనే చూపించుకోండి. టేపు నడిచే వేగం ఎడిషన్‌కీ ఎడిషన్‌కీ కొంచెం మారొచ్చు, ఒక్క శాతం వేగం పెరిగితే శ్రుతి పదిహేడు సెంట్లు (ఒక అరస్వరానికి నూరు సెంట్లు) పెరుగుతుంది. పక్కపక్కన వింటే వేగంగా ఉన్నది "హుషారుగా, స్పష్టంగా" అనిపిస్తుంది, ఇది కూడా వాల్యూం లాగే చెవిని తప్పుదారి పట్టించేదే. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెలో సన్నగా సర్దుకునే మీట ఉంటే, పాత సీడీలో ఒక పొడవాటి ఆర్గాన్ స్వరానికి దాన్ని కలిపి, అలాగే ఉంచి రీమాస్టర్లో అదే చోటు పెట్టండి. తేడా ఉంటే శ్రుతిలో అల కొట్టుకోవడం వినపడుతుంది. రెండు ఫైళ్ళలో పాట మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బకి నిడివి కొలిచినా ఇదే తెలుస్తుంది.

గొంతుకి జెనెసిస్ "సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్", 1973, మొదటి పాట. పీటర్ గేబ్రియల్ గొంతు ఒంటరిగా, వాయిద్యం ఏదీ లేకుండా మొదలవుతుంది. స, ష అక్షరాలు చెవిలో ఈల వేసినట్టుంటే ట్రెబుల్ పెంచారు. అదే ఆల్బమ్‌లో "ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్" మొదట్లో టోనీ బ్యాంక్స్ పియానో ఉంది, ఎడమ చేతి స్వరాలు విడివిడిగా వినపడాలి, ఒకదాని మీద ఒకటి పడి ముద్ద కాకూడదు. పింక్ ఫ్లాయిడ్ "డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్"లో మొదటి గుండె చప్పుడు ఎంత నెమ్మదిగా మొదలవుతుందో చూడండి, ఆ తర్వాత "టైమ్"లో గడియారాలు ఒక్కసారి మోగినప్పుడు ఉలిక్కిపడ్డారా లేదా చూసుకోండి. ఉలిక్కిపడకపోతే ఎడిషన్ మార్చండి.

అంకెల్ని ఎంత నమ్మాలి

డీఆర్ (డైనమిక్ రేంజ్) అని ఒక కొలత ఉంది, పాటలో గట్టి భాగాల సగటుకీ, అతి పై కొనకీ మధ్య తేడాని ఒక అంకెగా చెబుతుంది. ఆల్బమ్‌ల వారీగా ఈ అంకెలు పోగేసిన డేటాబేస్ కూడా ఉంది, కొనేముందు ఒకసారి చూడడం మంచిది. పాత సీడీ 12, రీమాస్టర్ 7 అని ఉంటే నేను ఆ రీమాస్టర్ జోలికి పోను. 12, 11 అని ఉంటే అంకె పక్కన పెట్టి చెవితోనే తేల్చుకోవాలి. ఎందుకంటే డీఆర్ టేపు ఏ తరానిదో చెప్పదు, బేస్, ట్రెబుల్ ఎలా ఉన్నాయో చెప్పదు. ఒరిజినల్ టేపుకి కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ నుంచి తీసిన డిస్కుకి కూడా మంచి డీఆర్ రావచ్చు, అయినా దుప్పటి కప్పినట్టు వినపడుతుంది.

క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ కథ సరిగ్గా ఇదే. దాని ఒరిజినల్ స్టీరియో మాస్టర్ టేపు చాలా ఏళ్ళు కనపడకుండా పోయింది, అందుకని 1989, 1999 ఎడిషన్లకి అప్పుడు దొరికిన కాపీ టేపులే ఆధారం. దొరికాక దాని నుంచి 2004లో కొత్త ఎడిషన్ తీశారు. అక్కడ మార్పు రీమాస్టర్ చేసినవాడి నైపుణ్యం వల్ల వచ్చింది కాదు, టేపు వల్ల వచ్చింది. "రీమాస్టర్లన్నీ దండగ, మొదటి సీడీయే మంచిది" అనేవాళ్ళతో నేను అందుకే ఏకీభవించను. ఎనభైల మొదటి సీడీల్లో చాలావాటిని నొక్కలేదు, నిజమే, కానీ ఏ టేపు చేతికందితే దాంతో చేసేసినవి కూడా వాటిలో ఉన్నాయి.

గట్టిదనం రికార్డింగ్‌లోనే వచ్చేస్తే రీమాస్టర్ కూడా ఏమీ చెయ్యలేదు. రష్ "వేపర్ ట్రెయిల్స్" 2002లో వచ్చినప్పుడే కొనలు తెగిపోయి ఉంది, చివరికి 2013లో డేవిడ్ బాట్రిల్‌తో మొత్తం రీమిక్స్ చేయించారు. ఈ రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి వినడం కంటే మంచి పాఠం ఇంకోటి లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టండి.

పేరు చూడకుండా వినడం

ఫైళ్ళకి 1, 2 అని పేర్లు మార్చే పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పండి. ఎక్కువ డబ్బు పెట్టి తెప్పించిన డిస్కు బాగుండాలని మనసు ముందే కోరుకుంటుంది, ఆ కోరికని తప్పించే దారి ఇదొక్కటే. రెండు ఫైళ్ళ మధ్య తేడా మీకు అసలు వినపడుతోందా అన్నదే ప్రశ్న అయితే ఫూబార్‌కి విడిగా చేర్చుకునే ఏబీఎక్స్ పరీక్ష ఉంది, పేరు చెప్పకుండా మోగిస్తే అది ఏ ఫైలో మీరు చెప్పాలి. పదహారుసార్లలో కనీసం పన్నెండుసార్లు సరిగ్గా చెబితే అది అదృష్టం కాదని అనుకోవచ్చు, ఊహించి చెబితే అన్ని సరైనవి రావడానికి నూటికి నాలుగు అవకాశాలే ఉన్నాయి. అంతకంటే తక్కువ వస్తే చౌకగా దొరికే డిస్కే కొనండి. ఒకే రోజు గంటలకొద్దీ వినకండి, చెవి అలిసిపోతే ట్రెబుల్ తక్కువ ఉన్నదే నచ్చుతుంది, మర్నాడు పొద్దున్న వింటే ఆ తీర్పు తిరగబడుతుంది.

కొనేటప్పుడు

ముందు స్ట్రీమింగ్‌లో వినండి. పాట పేరు పక్కన "రీమాస్టర్" అని సంవత్సరం ఉంటే ఆ ఎడిషన్‌ని కొనకుండానే పరీక్షించినట్టు. యాప్‌లో వాల్యూం నార్మలైజేషన్ ఆన్‌లో ఉంచితే పోల్చడానికి ఇంకా తేలిక. పాత మాస్టరింగులు మాత్రం అక్కడ సాధారణంగా ఉండవు, వాటికి సెకండ్‌హ్యాండ్ సీడీయే గతి, అదృష్టవశాత్తూ అవి చాలావరకు చౌక.

నా లెక్క చెబుతాను. జెనెసిస్‌కి 1994 సీడీలు చాలు, 2007, 2008 రీమిక్సులు ఆ తర్వాత కుతూహలం కొద్దీ. క్రిమ్సన్ మొదటి ఆల్బమ్‌కి పాత మిక్స్ కావాలంటే 2004ది లేదా ఆ తర్వాతివి, రీమిక్స్ కావాలంటే సంగీతకారుడు స్టీవెన్ విల్సన్, క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ కలిసి చేసిన 2009ది. "క్లోజ్ టు ది ఎడ్జ్"కి 2013లో విల్సన్ రీమిక్స్ చేసిన రెండు డిస్కుల సెట్ కొంటే, రెండో డిస్కులో (అది సీడీ కాదు, డీవీడీ-ఆడియో లేదా బ్లూ-రే) పాత మిక్స్ కూడా పెద్దగా చెయ్యి పెట్టకుండా ఇచ్చారు, ఒక్క పోస్టేజీతో రెండూ వస్తాయి. జెత్రో టల్ "ఆక్వాలంగ్" స్టూడియోలోనే మసకగా రికార్డయిన ఆల్బమ్, దానికి రీమాస్టర్ల మీద డబ్బు పోసే బదులు 2011 రీమిక్స్ తీసుకోవడమే నయమని నా అభిప్రాయం. ఫ్లాయిడ్‌కి 1994, 2011 రెండూ మంచివే, ఏది తక్కువకి దొరికితే అది. హైబ్రిడ్ ఎస్‌ఏసీడీ (సీడీ పొరతోపాటు ఎక్కువ నాణ్యత గల పొర కూడా ఉన్న డిస్కు) కొంటే మాత్రం ఒక మాట, అందులో సీడీ పొర, ఎస్‌ఏసీడీ పొర ఒకే మాస్టరింగ్ కానక్కర్లేదు, మామూలు ప్లేయర్లో వినిపించేది సీడీ పొరే.

అమ్మేవాళ్ళని మ్యాట్రిక్స్ నంబర్ స్పష్టంగా కనిపించే ఫోటో అడగండి, స్టాక్ ఫోటో పెట్టి సొంత ఫోటో పంపననేవాళ్ళ దగ్గర కొనకండి. ప్లాస్టిక్ పెట్టె తీసేసి డిస్కు, పుస్తకం, వెనక కాగితం మాత్రమే పంపమంటే బరువు తగ్గి పోస్టేజీ తగ్గుతుంది, దారిలో పెట్టె పగిలే బాధా ఉండదు, కొత్త పెట్టెలు ఇక్కడ కొనుక్కోవచ్చు. వచ్చాక పుస్తకాల పేజీలు వానాకాలంలో ఒకదానికొకటి అంటుకోకుండా డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, గాలి ఆడని గోడ బీరువాలో మాత్రం పెట్టకండి.